యారాడ కొండపై ఒక దినం: ఒక పాదయాత్ర నేర్పిన పాఠాలు

ఉపోద్ఘాతం

విశాఖపట్నం రేవునకు దక్షిణంగా, సముద్రంలోనికి ముక్కు చాచినట్లు నిలిచిన యారాడ కొండను చూడని వారు మన పట్టణంలో ఉండరు. ఆ కొండ కొస డాల్ఫిన్ ముఖాన్ని పోలి ఉండటం వలన ఆంగ్లేయులు దానికి 'డాల్ఫిన్స్ నోస్' అని పేరు పెట్టారు. ఆ పేరే నేటికీ వాడుకలో ఉన్నది. నిత్యమూ కంటికి కనిపించే ఈ కొండను కాలినడకన ఎక్కి చూచినవారు మాత్రం మనలో బహు కొద్దిమంది. భూగోళ పాఠంలో కొండలను గూర్చి, శిలలను గూర్చి, వర్షపాతాన్ని గూర్చి చదువుకొన్న మేము, ఆ చదువును ఒక్క దినమైనా కాళ్లతో నడిచి పరీక్షించుకోవాలని సంకల్పించాము. ఆ సంకల్పం కొంత ఫలించింది, కొంత విఫలమైనది. మా యాత్రలో ఫలించిన భాగం కంటె విఫలమైన భాగమే ఎక్కువ నేర్పినదని భావించి, రెండింటినీ దాచక ఈ వ్యాసంలో పాఠకుల ముందుంచుతున్నాము.

బయలుదేరుట

ఫిబ్రవరి నెల చివరి ఆదివారం. ఇద్దరు అధ్యాపకులు, పదహారు మంది విద్యార్థులు, వెరసి పద్ధెనిమిది మందిమి. సింధియా వద్ద బస్సు దిగి, ఘాట్ రోడ్డు మీదుగా కనుమ వరకు నడచి, అక్కడ రోడ్డును వదలి మేకల కాపరులు వాడే కాలిబాటన శిఖరం చేరి, అవతలి వైపున యారాడ గ్రామానికి దిగి, సాయంత్రం బస్సులో తిరిగి రావాలన్నది మా పథకం. కొండ తూర్పు భాగంలో నౌకాదళం వారి నిషిద్ధ ప్రాంతం ఉన్నది. కొండ కొసన ఓడలకు దారి చూపే దీపస్తంభం కూడ ఆ వైపుననే కలదు. అందుచేత మేము ఆ దిక్కునకు పోకుండ పడమటి భాగానికే పరిమితం కాదలచాము.

ఆరు గంటలకు కొండ మొదట ఉండాలని ముందురోజు నిశ్చయించుకొన్నాము. ఉపాహారం వద్ద కొంత ఆలస్యం, ఫొటోల వద్ద కొంత ఆలస్యం, రాని మిత్రుని కొరకు ఎదురు చూచుటలో మరికొంత ఆలస్యం జరిగి, నడక ఆరంభించేసరికి ఎనిమిదింబావు అయినది. ఆ రెండుంబావు గంటల విలువ ఎంతటిదో అప్పుడు మాకు తోచలేదు.

రాయి చెప్పిన చరిత్ర

ఘాట్ రోడ్డు కోసిన చోట కొండ తన లోపలి శిలను చూపుతుంది. ఆ రాయి బూడిదరంగు మీద తుప్పు పట్టినట్లు ఎర్రగా, పొరలు పొరలుగా ఉన్నది. చేతితో రాచినచో ఇసుకవలె రాలినది. ఆ ఇసుకలో దానిమ్మ గింజల రంగులో చిన్న చిన్న కణాలు మెరిశాయి. అవి గార్నెట్ అనే ఖనిజపు కణాలని, ఆ రాతికి 'ఖోండలైట్' అని పేరని మా అధ్యాపకులు చెప్పారు. తూర్పు కనుమలలో నివసించే ఖోండు గిరిజనుల పేరు మీదుగా వాకర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1902లో ఆ శిలకు ఆ పేరు పెట్టాడు. ఒడిశాలోని కోణార్క సూర్యదేవాలయం ప్రధానంగా ఈ జాతి రాతితోనే నిర్మితమైనది.

ఆశ్చర్యకరమైన సంగతి ఏమనగా, ఈ రాయి పుట్టుకతో రాయి కాదు. అనంతమైన కాలం క్రిందట నీటి అడుగున పేరుకొన్న బంకమన్ను భూగర్భంలో లోతునకు కూరుకొనిపోయి, అక్కడి వేడికి, ఒత్తిడికి స్వరూపం మార్చుకొని ఈ శిల అయినది. ఆ మార్పు జరిగి ఇంచుమించు వంద కోట్ల సంవత్సరాలు గడిచాయి. ఆనాడు భారతభూమి, అంటార్కిటికా ఖండం ఒకదానికొకటి ఆనుకొని ఉండేవి. సుమారు 13 కోట్ల సంవత్సరాల క్రిందట అవి విడివడినాయి. నేడు మంచు క్రింద ఉన్న తూర్పు అంటార్కిటికా తీరపు శిలలు మన తూర్పు కనుమల శిలలతో సరిపోలుతున్నాయని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. యారాడ కొండకు దాయాదులు మంచుఖండంలో ఉన్నారన్నమాట! ఈ మాట విని మాలో ఒకడు ఆ రాయిని తడిమి చూచి, "మరి ఇంత వేడిగా ఉన్నదేమి సార్?" అని అడుగగా అందరమూ నవ్వుకొన్నాము. అప్పటికి సమయం తొమ్మిదిన్నర. రాయి నిజంగానే వేడెక్కుతున్నది.

కనుమ నుండి కనిపించిన దృశ్యం

కనుమ దాటి కాలిబాట పట్టిన పిదప వెనుదిరిగి చూచితిమి. ఉత్తరాన కైలాసకొండ శ్రేణి, దక్షిణాన మేము నిలిచిన యారాడ శ్రేణి, రెంటి నడుమ గరిటెలోని గుంటవలె పల్లపు భూమి. పూర్వం అది మేఘాద్రిగెడ్డ నీరు, సముద్రపు పోటునీరు కలిసే చిత్తడి నేల. దానిని త్రవ్వి లోపలి రేవును నిర్మించారు. 1933 అక్టోబరు 7వ తేదీన 'జలదుర్గ' అనే ఓడ రాకతో ఆ రేవు సముద్రయానానికి తెరువబడినది. అదే సంవత్సరం డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు దానిని లాంఛనంగా ప్రారంభించాడు.

ఇక్కడనే రేవు ఎందుకు కట్టారన్న ప్రశ్నకు సమాధానం మా కాళ్ల క్రిందనే ఉన్నది. దక్షిణపు గాలులు, కెరటాలు నేరుగా రేవు ముఖద్వారంపై పడకుండ ఈ కొండ అడ్డు నిలిచినది. అయితే కొండ ఒక్కటే చాలలేదు. నైరుతి ఋతుపవన కాలంలో కెరటాలు తీరం వెంట ఇసుకను దక్షిణం నుండి ఉత్తరానికి తోసుకొని వస్తాయి. ఆ ఇసుక ద్వారాన్ని పూడ్చకుండ ఉండటానికి 'జానస్', 'వెల్లెడ్సన్' అనే రెండు పాత ఓడలను ముఖద్వారం వద్ద ఉద్దేశపూర్వకంగా ముంచి, వాటిని అడ్డుకట్టగా ఉపయోగించారు. ప్రకృతి ఇచ్చిన రక్షణకు మానవుడు తన ఉపాయాన్ని జోడించిన తీరు ఇది.

రేవు ద్వారానికి ఆవలి గట్టున మూడు చిన్న గుట్టలు ప్రక్కప్రక్కన కనిపించాయి. ఒకదానిపై ఇస్హాక్ మదనీ ఔలియా దర్గా, ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయం, మరొకదానిపై క్రైస్తవ ప్రార్థనాలయం ఉన్నాయి. చర్చి ఉన్న గుట్టపై 1864లో రాస్ అనే ఆయన ఇల్లు కట్టుకొన్నందున దానికి రాస్ కొండ అని పేరు వచ్చినది. సముద్రంపై పోయే నావికులు, వారు ఏ మతము వారైనను, దర్గాకు ఎదురుగా వచ్చినపుడు గౌరవ సూచకంగా తమ పడవల జెండాను మూడుసార్లు దించి ఎత్తేవారని పూర్వులు చెప్పుకొనేవారు. ఉర్దూ, తెలుగు మాతృభాషలుగా గల విద్యార్థులము ఒకే బాటన నిలిచి ఆ మూడు గుట్టలను ఒక్క చూపులో చూచిన ఆ నిమిషం మాకు మరపురానిది.

ఇది ఎడారియా?

బాట ఏటవాలుగా సాగినది. తంగేడు, వాక్కాయ, రేగు, అక్కడక్కడ ఈత, జీడిమామిడి తప్ప పెద్ద చెట్లు లేవు. గడ్డి ఎండి గోధుమరంగుకు తిరిగినది. బ్రహ్మజెముడు పొదలు రాళ్ల నడుమ నుండి ముండ్లు చాచి ఉన్నాయి. చలనచిత్రాలలో చూచిన ఎడారి కొండలు జ్ఞాపకం వచ్చి, మా ఉర్దూ మిత్రుడొకడు "యహ్ తో సహ్రా హై!" అన్నాడు. 'సహ్రా' అనగా ఎడారి. అరబ్బీ భాష నుండి ఉర్దూలోనికి వచ్చిన మాట. ఆఫ్రికాలోని సహారాకు ఆ పేరు వచ్చినది కూడ ఈ మాట నుండియే. కనుక మనము 'సహారా ఎడారి' అన్నపుడు నిజానికి 'ఎడారి ఎడారి' అంటున్నామని అధ్యాపకులు చమత్కరించారు.

కాని ప్రశ్న చమత్కారంతో తీరలేదు. సాలుకు 250 మిల్లీమీటర్ల కంటె తక్కువ వర్షం కురిసే ప్రాంతాన్ని సాధారణంగా ఎడారి అంటారు. విశాఖపట్నంలో ఏటా సుమారు 1,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. ఎడారికి నాలుగింతలు వర్షం పొందే కొండ ఎడారివలె కనిపించుటకు కారణమేమి?

ఇందుకు మేము బాటలోనే మూడు కారణాలు గుర్తించగలిగాము. మొదటిది కాలం. వర్షంలో అధిక భాగం జూన్ నుండి నవంబరు లోపల కురిసిపోతుంది. తక్కిన నెలలలో కొండ ఆ నిలువ మీదనే బ్రతకాలి. రెండవది వాలు. ఏటవాలు రాతిపై మట్టిపొర పలుచన. మేము కర్రతో గ్రుచ్చి చూచిన చోట్ల జానెడు లోతు లోపలనే రాయి తగిలినది. అట్టి నేలపై పడిన వాన ఇంకుటకు వ్యవధి లేక జారి సముద్రంలో కలుస్తుంది. మూడవది చెట్టు లేమి. వంటచెరకు కొరకు నరుకుట, పశువులను మేపుట, వేసవిలో గడ్డికి నిప్పంటుకొనుట అనేవి అనాదిగా తీరపు కొండలను క్షీణింపజేస్తున్నాయి. వాటికి తోడు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను సరిగా విశాఖపట్నం వద్దనే తీరం దాటినది. ఆ తుఫానుకు ఒమాన్ దేశం సూచించిన పేరు అది. తలపై తురాయి గల ఒక పక్షి పేరు. ఆ ఒక్క దినాన పట్టణం చుట్టూ ఉన్న కొండలపై లెక్కకు మిక్కిలిగా చెట్లు నేలకూలాయి. నిలిచిన వాటికి ఆకు మిగలలేదు.

వర్షం ఎంత కురిసినదన్నది ఒక లెక్క, నేల ఎంత పట్టుకొన్నదన్నది వేరొక లెక్క అని ఆ వాలు మీద మాకు బోధపడినది. యారాడ కొండ ఎడారి కాదు. అయితే నీటిని నిలుపలేని కొండ ఏటా కొన్ని నెలలు ఎడారి జీవితం గడపక తప్పదు.

మా పొరపాటు

నీటిని గూర్చి ఇంత చర్చించిన మేము మా సీసాలలో నీరు ఎంత ఉన్నదో చూచుకొనలేదు. మనిషికి ఒక లీటరు చొప్పున పద్ధెనిమిది లీటర్లు తెచ్చుకొన్నాము. పదకొండు గంటలకు సగం మంది సీసాలు ఖాళీ అయినవి. మేమున్నది కొండకు ఉత్తరపు వైపు. సముద్రపు గాలి శిఖరానికి ఆవలనే ఆగిపోయి, మా వైపున ఆకు కదలలేదు. రాయి క్రింద నుండి, సూర్యుడు పై నుండి వేడి చిమ్ముతున్నారు.

పదకొండున్నర గంటల వేళ మాలో అందరికంటె చురుకుగా ముందు నడచిన విద్యార్థి ఒక బండపై కూర్చుండిపోయాడు. తల నొప్పి అన్నాడు. పిక్కలు పట్టుకొనిపోయాయి. ముఖం పాలిపోయి, ఒళ్లంతా చల్లని చెమట పట్టినది. లేవబోయి ఒరిగిపోగా ఇద్దరము పట్టుకొన్నాము. ఉదయం నుండి తన సీసాలోని నీరు వెనుకబడిన తమ్ముళ్లకు త్రాగించి, తాను రెండు గ్రుక్కలు మాత్రమే త్రాగాడని అప్పుడు తెలిసినది.

శిఖరం మా కన్నుల ఎదుట ఉన్నది. ఇరవై నిమిషాలు నడిస్తే చేరగలము. "మీరు పోయి రండి, నేనిక్కడే ఉంటాను" అని అతడే అన్నాడు. కొందరికి పోవాలనే ఉన్నది. ఆ కోరికను మేము ఇప్పుడు దాచదలచుకొనలేదు. పెద్ద అధ్యాపకులు ఒక్క మాట మాత్రం అన్నారు: "కొండ రేపు కూడ ఇక్కడే ఉంటుంది." మరి ఎవరూ మాట్లాడలేదు.

అతనిని వాక్కాయ పొద నీడకు చేర్చి, పడుకోబెట్టి, కాళ్లను సంచులపై ఎత్తి ఉంచాము. చొక్కా గుండీలు విప్పి, తడి రుమాలుతో ముఖం, మెడ తుడిచాము. అందరి సీసాలలో మిగిలిన నీరు ఒకచోట పోయగా లీటరు కంటె కొంచెం ఎక్కువ తేలినది. ఆ నీటిలో ఒక లీటరుకు, మా భోజనపు మూటలలో ఉన్న పంచదార ఆరు చెంచాలు, ఉప్పు అరచెంచా కలిపి కొద్దికొద్దిగా త్రాగించాము. అరగంటకు అతని ముఖానికి రంగు వచ్చినది. ఇద్దరు భుజం పట్టగా, ఎక్కిన బాటనే నెమ్మదిగా దిగి, కనుమ వద్ద ఘాట్ రోడ్డు చేరుకొని యారాడ వైపుకు మరలాము.

యారాడలో త్రాగిన నీరు

యారాడ గ్రామానికి మూడు ప్రక్కల కొండలు, నాలుగవ ప్రక్క బంగాళాఖాతం. ఊరి మొదటి ఇంటి అరుగుపై ఒక వృద్ధురాలు కూర్చుండి ఉన్నది. మమ్ము చూచి లేచి, "ఏటి నాయనా, ఈ ఎండలో కొండెక్కినారేటి? ముందర నీళ్లు తాగండి, మాటలు తరవాత" అని కుండ తెచ్చి ముందు పెట్టినది. ఆ నీరు ఎక్కడిదమ్మా అని అడిగితే, పెరటి బావి చూపి, "కొండ నీరే నాయనా" అన్నది.

ఆ మాట అర్థం మాకు తరువాత తెలిసినది. వానాకాలంలో వాలుపై ఇంకిన ఆ కొద్దిపాటి నీరే రాతి పగుళ్ల వెంట నెమ్మదిగా దిగి, కొండ పాదాన ఉన్న బావులలో ఊరుతుంది. వాలుపై ఒక చెట్టు, దాని క్రింద రాలిన ఆకుల పొర, ఆ పొర క్రింద జానెడు మట్టి ఉన్నచోట వాన ఆగి ఇంకుతుంది. అవి లేనిచోట జారిపోతుంది. కొండ పైన చెట్టు నిలుచుటకు, కొండ క్రింద కుండ నిండుటకు గల సంబంధాన్ని మేము పుస్తకంలో లోగడ చదివియే ఉన్నాము. దానిని దప్పికతో తెలిసికొన్నది ఆనాడే.

సముద్రతీరాన కొంతసేపు విశ్రమించాము. మిత్రుడు పూర్తిగా కోలుకొన్నాడు. తీరపు ఇసుకలో నల్లని చారలు, ఎర్రని మెరుపులు కనిపించాయి. నల్లనిది ఇల్మనైట్, ఎర్రనిది ఉదయం రోడ్డు ప్రక్కన చూచిన గార్నెట్టే. కొండ అరిగి తీరమగుటను ఒకే దినంలో రెండు చివరల చూచినట్లయినది.

లెక్క సరిచూచుకొనుట

తిరిగి వచ్చిన పిదప తరగతిలో కూర్చుండి మా లెక్కను పరిశీలించాము. స్కాట్లండు దేశీయుడైన నెయిస్మిత్ అనే పర్వతారోహకుడు 1892లో ఒక సూత్రం చెప్పాడు. ఆ సూత్రాన్ని మన కొలతలలో చెప్పవలెనన్న, అయిదు కిలోమీటర్ల నడకకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తునకు అదనంగా ఒక గంట లెక్కింపవలెను. మా నడక సుమారు 8 కిలోమీటర్లు, ఎక్కదలచిన ఎత్తు సుమారు 300 మీటర్లు. కనుక గంటా ముప్పది ఆరు నిమిషాలు, దానిపై అరగంట, వెరసి రెండు గంటల ఆరు నిమిషాలు. మేము కూడ ఆ విధంగానే రెండు గంటలనుకొన్నాము. కాని ఆ సూత్రం చలిదేశంలో నడకకు అలవాటుపడిన ఆరోగ్యవంతులకు చెప్పినది. అందులో విశ్రాంతి లేదు, ఎండ లేదు, రాళ్లను పరిశీలించుట లేదు. మన దేశంలో, మనవంటి వారికి దానిని రెట్టింపు చేసికొనుట క్షేమం.

నీటి లెక్క ఇంకను సులభం. ఎండలో కొండ ఎక్కువానికి గంటకు అరలీటరు నీరు కావాలి. ఆరు గంటలకు మూడు లీటర్లు. పద్ధెనిమిది మందికి 54 లీటర్లు. మేము తీసికొనిపోయినది అందులో మూడవ వంతు. మూడవ తరగతి బాలుడు చేయగల ఈ గుణకారాన్ని కళాశాల విద్యార్థులమైన మేము చేయలేదు.

రాబోవు యాత్రికులకు సూచనలు

మా అనుభవం నుండి తీసిన ఈ క్రింది నియమాలను రాబోవు సంవత్సరం వారు పాటింతురు గాక.

1. సూర్యోదయానికి నడక ఆరంభించి, పదకొండు గంటలకు ఎక్కుట ముగించవలెను. మార్చి నుండి జూన్ వరకు ఈ యాత్ర మానుకొనుట మంచిది.

2. మనిషికి మూడు లీటర్ల నీరు ఉండవలెను. దప్పిక అయినపుడు కాక, ప్రతి అరగంటకు కొంచెం చొప్పున త్రాగవలెను. తన వంతు నీరు ఇతరులకు ఇచ్చుట ఔదార్యమే. కాని ఇచ్చినవాడు పడిపోయినచో పుచ్చుకొన్నవారే మోయవలసి వస్తుంది.

3. తలనొప్పి, వికారం, కండరాల పట్టు, చల్లని చెమట కనిపించినచో వెంటనే నీడ, విశ్రాంతి, ఉప్పు పంచదార కలిపిన నీరు ఇవ్వవలెను. ఒళ్లు కాలిపోవుట, మాట తడబడుట, స్పృహ తప్పుట జరిగినచో అది వడదెబ్బ. రోగి దేహాన్ని తడిపి చల్లబరచుచు తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను.

4. అందరికంటె నెమ్మదిగా నడిచే వాని నడకయే బృందం నడక కావలెను.

5. తిరుగుముఖం పట్టవలసిన గంటను బయలుదేరక ముందే నిర్ణయించి, శిఖరం ఎంత దగ్గరగా కనిపించినను ఆ గంటకు తిరుగవలెను.

6. నిషిద్ధ ప్రాంతాల సరిహద్దులను గౌరవించి, కావలసిన అనుమతులు ముందుగా పొందవలెను.

ముగింపు

కళాశాల పాలక సంఘం వారికి మా విన్నపాలు రెండు. విజ్ఞానయాత్రలకు వెళ్లే ప్రతి బృందానికి ఒక ప్రథమచికిత్స పెట్టె, పెద్ద నీటి డబ్బాలు కళాశాల తరఫున సమకూర్చవలసినదిగా కోరుతున్నాము. వాటి ఖర్చు స్వల్పం, వాటి అవసరం మేము కన్నులారా చూచితిమి. రెండవది, తొలకరి వానలు పడగానే, సంబంధిత అధికారుల అనుమతితో, యారాడ వైపు వాలుపై మొక్కలు నాటే కార్యక్రమాన్ని విద్యార్థుల చేత చేయించవలసినదిగా ప్రార్థిస్తున్నాము. ఆ ఊరి బావి నీరు త్రాగిన పద్ధెనిమిది మందిమి మొదటి గుంతలు త్రవ్వుటకు సిద్ధముగా ఉన్నాము.

శిఖరం మేమింకా చూడలేదు. మళ్లీ వెళ్లినపుడు తప్పక చూస్తాము. ఆనాడు బండపై కూర్చుండిపోయిన మిత్రుడే ఈసారి ముందుగా నీటి లెక్క వేసి కాగితం మా చేతికిచ్చాడు. అందులో యారాడ ఊరి మొదటి ఇంటి అమ్మ కొరకు ఒక కొత్త కుండ కూడ వ్రాసి ఉన్నది.